నీళ్లంటే ఏ నీళ్లు?

ప్రజాభిప్రాయ సేకరణ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఊరికి ముందుగా ఏం కావాలో జనాన్నే అడిగి తెలుసుకుందామని బయల్దేరే సంఘాలు, విద్యార్థులు, పంచాయతీ సభ్యులు రాసిన ఉత్తరాలివి. కర్నూలు, అనంతపురం, కడప ఉమ్మడి జిల్లాల నుంచే ఎక్కువ వచ్చాయి. ఒకే సందేహం నలుగురు రాసినచోట ఒకరిదే వేశాం.

ప్రశ్న: మా మండలంలో 36 వేల మంది ఓటర్లున్నారు. ఊళ్ల అవసరాల మీద సర్వే చేయాలని మా సంఘం అనుకుంటోంది. కనీసం పది శాతం మందినైనా అడక్కపోతే ఎవరూ నమ్మరని మా లెక్చరర్ అంటున్నారు. 3,600 ఇళ్లు తిరిగే శక్తి మాకు లేదు. (కళ్యాణదుర్గం, యువజన సంఘం)

జవాబు: పది శాతం అన్న లెక్కకు ఆధారమేమీ లేదు. ఎలా పుట్టిందో కానీ కాలేజీల్లో, ఆఫీసుల్లో బాగా నాటుకుపోయింది. ఎంతమందిని అడగాలన్నది జనాభా ఎంతన్నదాని మీద పెద్దగా ఆధారపడదు. జవాబు ఐదు శాతం అటూ ఇటూగా ఉన్నా ఫర్వాలేదనుకుంటే, 800 మంది ఉన్న ఊళ్లో 260 మందిని అడగాలి. 36 వేల మందున్న మీ మండలంలో 380 మంది చాలు. నాలుగు లక్షల మందున్నా 384 మందే. 100 మందిని అడిగితే తేడా పది శాతం దాకా ఉంటుంది, 400 మందికి ఐదు, వెయ్యి మందికి మూడు. తేడా సగానికి తగ్గాలంటే మందిని నాలుగింతలు పెంచాలి. అందుకే 400 దాటాక పెట్టే ప్రతి రూపాయికీ ఫలితం తగ్గుతూ పోతుంది. ఆ డబ్బుతో కుర్రాళ్లకు ఇంకో రోజు శిక్షణ ఇవ్వడం మేలు.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే చాలంటారు. ఆ మాట కలిపిన కుండకే చెల్లుతుంది. మండలం కలపని కుండ. ఒక ఊళ్లో అందరూ ఒకే ట్యాంకు నీళ్లు తాగుతారు, ఒకే బస్సు కోసం నిలబడతారు. కాబట్టి ఒకే ఊళ్లో ఇరవై మందిని అడిగితే ఇరవై కొత్త జవాబులు రావు. దీనికి లెక్కుంది. ఒక ఊరి వాళ్ల జవాబుల పోలికను 0.1 అనుకుందాం (సున్నా అంటే పోలికే లేదు, ఒకటంటే ఊరంతటిదీ ఒకే మాట). 20 పోలింగ్ బూత్‌లలో ఇరవేసి మంది చొప్పున 400 మందిని అడిగితే, అది విడివిడిగా ఎంచిన 138 మందిని అడిగిన దాంతో సమానం. తేడా ఐదు కాదు, ఎనిమిది శాతం దాటుతుంది. అదే 400 మందిని 40 బూత్‌లలో పదేసి మందిగా అడిగితే 210 మందికి సమానం, తేడా ఏడులోపు. నీళ్ల లాంటి సంగతిలో ఈ పోలిక ఇంకా ఎక్కువుంటుంది. ఎక్కువ ఊళ్లు, ఊరికి తక్కువ మంది. బండ్లకు పెట్రోలు ఖర్చయితే కానివ్వండి.

పేర్లెలా తీయాలి? అన్ని బూత్‌ల ఓటరు జాబితాలను వరుసగా ఒకదాని కింద ఒకటి పెట్టుకోండి. 36,000ను 400తో భాగిస్తే 90. ఒకటి నుంచి 90 లోపు ఒక చీటీ తీయండి. 34 వచ్చిందనుకోండి: 34వ పేరు, 124, 214, 304... అలా చివరిదాకా. ఇంతే. పెద్ద బూత్‌లో ఎక్కువ పేర్లు, చిన్న బూత్‌లో తక్కువ పేర్లు వాటంతటవే వస్తాయి.

అన్ని బూత్‌లూ తిరగలేమంటే 25 ఎంచుకుని ఒక్కోదాంట్లో 16 మందిని తీసుకోండి. బూత్‌లను ఇష్టం వచ్చినట్టు ఎంచకూడదు. ఓటర్ల సంఖ్యను కూడుకుంటూ పోవాలి. మొదటి బూత్‌లో 1,120 మంది, రెండో దాంట్లో 780 (మొత్తం 1,900), మూడో దాంట్లో 940 (మొత్తం 2,840) అనుకుందాం. 36,000ను 25తో భాగిస్తే 1,440. చీటీలో 640 వచ్చిందంటే అది మొదటి బూత్‌లో పడుతుంది. 640కి 1,440 కలిపితే 2,080, అది మూడో బూత్. రెండోది తప్పిపోయింది, తప్పిపోనివ్వండి. "మా మేనమామ ఊరది, దాన్నీ కలుపుదాం" అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. తర్వాత ఆ బూత్ జాబితాలో 960 పేర్లుంటే 16తో భాగించి ప్రతి 60వ పేరు తీసుకోండి.

జాబితాలో చనిపోయినవాళ్ల పేర్లుంటాయి, అత్తవారింటికి పోయిన ఆడపిల్లల పేర్లుంటాయి. కొన్ని తండాల్లో ఒకే డోర్ నంబరు కింద నలభై పేర్లుంటాయి. అవి వచ్చినప్పుడు "చనిపోయారు", "ఊళ్లో లేరు" అని రాసుకుని ముందుకు పోవాలి. అలా పోయేవాటి కోసం మొదట్లోనే 400కు బదులు 500 పేర్లు తీసిపెట్టుకోండి.

ప్రశ్న: "మీ ఊరి ప్రధాన సమస్య ఏమిటి?" అని అడిగితే పదిమందిలో ఏడుగురు "నీళ్లు" అంటున్నారు. రిపోర్టులో అదే రాస్తే మా గైడ్ "ఇది తెలియనిదెవరికి?" అన్నారు. ప్రశ్న తప్పా? జాబితా ఇచ్చి టిక్కు పెట్టించాలా? (అనంతపురం, పరిశోధక విద్యార్థిని)

జవాబు: ప్రశ్న తప్పు కాదు, దాన్ని సగంలో ఆపేశారు. అనంతపురం జిల్లాలో ఒక అవ్వ "నీళ్లే నాయనా, ఇంగేముంది" అంటే ఆ మాటలో కనీసం ఆరు సంగతులుండొచ్చు. తాగే నీళ్లు కుళాయికి రావడం లేదు. వస్తున్నాయి కానీ ఫ్లోరైడ్ ఉందని 20 లీటర్ల క్యాను కొంటున్నారు. వాడుకకు బోరు నీళ్లు చాలడం లేదు. చేనుకు కాలువ నీళ్లు రాలేదు. బోర్లో నీళ్లున్నాయి కానీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మోటరు తిరగడం లేదు. వీధిలో మురుగు నీళ్లు నిలిచి దోమలు చేరుతున్నాయి. మొదటి రెండూ గ్రామీణ నీటి సరఫరా వాళ్ల పని. మూడోది, ఆరోది పంచాయతీవి. నాలుగోది జలవనరుల శాఖది. ఐదోది కరెంటాఫీసు గడప. అన్నింటినీ "నీళ్లు: 70 శాతం" అని ఒక గడిలో వేస్తే ఆ కాగితం పట్టుకుని ఏ ఆఫీసుకు పోతారు?

అందుకే మొదటి జవాబు రాగానే రెండో మాట అడగాలి. ఆ మాట ఎటూ మొగ్గకూడదు. "తాగే నీళ్లేనా అవ్వా?" అంటే ఆమె "ఆఁ, అవి కూడా" అంటుంది, మీరు తాగునీరని రాసేస్తారు. "నీళ్లంటే ఏ నీళ్లు అవ్వా, కొంచెం చెప్పు" అని ఆగండి. ఆగడమే కష్టం. కొత్తగా చేరినవాళ్లు మూడు సెకన్ల మౌనం కూడా భరించలేక తామే జవాబు అందిస్తారు. శిక్షణలో ఐదు అంకెలు మనసులో లెక్కపెట్టడం అలవాటు చేయించండి. చెప్పిన మాట చెప్పినట్టే రాయించండి: "మూడు దినాలకొకతూరి వస్తాయి, వచ్చినా నాలుగు బిందెలే" అని. ఏ జవాబు ఏ రకం సమస్యో చూసి కోడ్ నంబర్లు వేయడం సాయంత్రం పని. ఇద్దరు విడివిడిగా కోడ్‌లు వేసి పోల్చుకోవాలి. పదింటిలో రెండు కన్నా ఎక్కువ తేడాలొచ్చాయంటే మీ కోడ్‌ల జాబితానే స్పష్టంగా లేదన్నమాట.

జాబితా ఇవ్వాలా వద్దా అన్నది పాత తగువు. ఆఫ్రికా దేశాల్లో 1999 నుంచి ఆఫ్రోబారోమీటర్ అనే సంస్థ ఇదే పని చేస్తోంది. "ప్రభుత్వం పట్టించుకోవాల్సిన ముఖ్య సమస్యలేవి?" అని జాబితా చూపకుండా అడిగి, మూడు జవాబుల దాకా రాసుకుంటుంది. దేశానికి 1,200 లేదా 2,400 మందినే అడుగుతుంది. ఐక్యరాజ్యసమితి 2012లో మొదలుపెట్టిన "మై వరల్డ్" సర్వేది ఇంకో దారి. 16 అంశాలు చూపించి ఆరు ఎంచుకోమన్నారు. మంచి చదువు మొదటి స్థానంలో, వాతావరణ మార్పు మీద చర్య చివర్లో నిలిచాయి. దాన్నిబట్టి పేద దేశాల జనానికి వాతావరణం పట్టదని వాదించినవాళ్లున్నారు. కానీ వాన మొహం చాటేసి బుడ్డల (వేరుశనగ) పైరు ఎండిపోయిన రైతు "వాన లేదు" అంటాడు, "వాతావరణ మార్పు" అనడు. జాబితా రాసినవాళ్ల మాట వేరు, జనం మాట వేరు. మన దగ్గరైనా జాబితాలో "ఉపాధి కల్పన" అని రాస్తే జనం ఉపాధి హామీ పనులనుకుంటారు. "మౌలిక వసతులు" అంటే తల గోక్కుంటారు.

మా సలహా: ముందు జాబితా లేకుండా అడగండి. ముప్పై, నలభై మందితో మచ్చుకు అడిగి, వాళ్ల నోటి మాటల్లోంచే పది పన్నెండు అంశాల జాబితా తయారు చేసుకోండి. అసలు సర్వేలో రెండూ పెట్టండి, కానీ జాబితా రెండోదే కావాలి. ముందే చదివి వినిపిస్తే, తర్వాత నోటికొచ్చేది మీరు చదివిందే. చదివి వినిపించేటప్పుడు చివర్లో విన్నవి బాగా గుర్తుంటాయి, కాబట్టి వరుస మార్చిన నాలుగు రకాల కాగితాలు అచ్చేయించి, వంతులవారీగా వాడండి.

ప్రాధాన్యం ఎంత బలంగా ఉందో తెలియాలంటే చింతపిక్కలు వాడండి, ఇంతకన్నా చవకైన పరికరం లేదు. ఐదారు బొమ్మల అట్టలు నేల మీద పరిచి (బిందె, రోడ్డు, బడి, ఆసుపత్రి, కాలువ, బస్సు) ఇరవై పిక్కలు చేతికివ్వండి. "మీ ఊరికొచ్చే డబ్బు ఇదే అనుకోండి, ఎక్కడెంత పెడతారో పెట్టండి" అనాలి. "ఒకటి, రెండు, మూడు ర్యాంకులివ్వండి" అంటే తెలియని విషయం ఇందులో తెలుస్తుంది. ఒకరు నీళ్లకు పదిహేను పెట్టి తక్కినవి చల్లుతారు, ఇంకొకరు నీళ్లకు ఆరు, బడికి ఐదు పెడతారు. ర్యాంకుల్లో ఇద్దరిదీ ఒకటే. 2011 జనగణన నాటికి ఉమ్మడి కర్నూలు జిల్లాలో చదవను రాయను వచ్చిన ఆడవాళ్లు సగం మందే. అలాంటిచోట చదవక్కర్లేని పద్ధతికి విలువెక్కువ. బొమ్మలు ముందుగా ఇద్దరు ముగ్గురికి చూపించి చూడండి. కాలువ బొమ్మను మురికి కాలువ అనుకునేవాళ్లు చాలామంది.

ఇంకొక్క మాట. "రోడ్లు, కాలువలు బాగున్నాయా?" లాంటి జంట ప్రశ్నలు తీసేయండి. రోడ్డు బాగుండి కాలువ పూడిపోతే ఆయన ఏం చెప్పాలి?

ప్రశ్న: జనవరిలో మా వైపు సర్వే పెట్టుకున్నాం. తీసిన పేర్లలో మూడోవంతు ఇళ్లకు తాళాలే. పక్కింటివాళ్లను అడిగి లెక్క సరిచేశాం. అలా చేయొచ్చా? (కోసిగి, స్వచ్ఛంద సంస్థ కార్యకర్త)

జవాబు: చేయకూడదు. చేసిందేమిటో ఒకసారి ఆలోచించండి. సుగ్గికి (పనుల కోసం వలస) పోయిన కుటుంబాన్ని తీసేసి, పోవాల్సిన అవసరం లేని కుటుంబాన్ని దాని చోట కూర్చోబెట్టారు. పక్కింట్లో ఉన్నవాళ్లకు బోరో, ఉద్యోగమో, పింఛనో ఉంది. పనుల్లేకపోవడం, పిల్లల బడి మానిపించడం అన్న సమస్యలు మీ పట్టికలో కిందికి జారిపోయాయి. కర్నూలు పశ్చిమ పల్లెల్లో సర్వే చేసి "వలస పెద్ద సమస్య కాదు" అని తేల్చిన నివేదికలు ఇలాగే పుడతాయి.

పత్తి తీతకు, ఆ తర్వాత గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయినవాళ్లు చాలామంది ఉగాదికి తిరిగొస్తారు. కాబట్టి కోసిగి, మంత్రాలయం, హాలహర్వి, హొళగుంద లాంటిచోట్ల ఉగాది తర్వాత నుంచి తొలకరి లోపు సర్వే పెట్టుకోండి. మేలో ఉపాధి పనులకు పొద్దున్నే పోతారు, ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. మధ్యాహ్నం దాటాక తలుపు తట్టండి. అనంతపురం వైపు బుడ్డలు పీకే రోజుల్లో పగలు ఊళ్లోకి పోవడం దండగ.

జనవరిలోనే చేయక తప్పదనుకుంటే మూడు పనులు చేయాలి. ఒకే ఇంటికి వేర్వేరు పూటల్లో మూడుసార్లు పోవాలి, అందులో ఒకటి దీపాలు పెట్టే వేళ. మూడోసారీ తాళమే ఉంటే ఎక్కడికి పోయారు, ఎప్పుడొస్తారు, ఎందరు పోయారు అన్న మూడు సంగతులు పక్కింటివాళ్లను అడిగి రాసుకోవాలి. పక్కింటివాళ్లను అడగాల్సింది అంతవరకే, అభిప్రాయం కాదు. ఇంట్లో ముసలివాళ్లుంటే పోయినవాళ్ల ఫోన్ నంబరు వాళ్ల సమ్మతితో తీసుకుని, రాత్రి ఎనిమిది తర్వాత మాట్లాడి ఐదే ప్రశ్నలు అడగాలి. చేల దగ్గర గుడిసెల్లో పగలు చార్జింగ్ ఉండదు, అందుకే రాత్రి.

చివర్లో నివేదిక మొదటి పేజీలోనే రాయండి: 500 పేర్లు తీశాం, 310 మంది దొరికారు, 140 ఇళ్లకు తాళం, 22 మంది మాట్లాడం అన్నారు, 28 పేర్లు చనిపోయినవాళ్లవి. ఈ ఒక్క వాక్యం లేని సర్వేను మేమైతే పక్కన పెట్టేస్తాం.

ప్రశ్న: మా పట్టణ వాట్సాప్ గ్రూపుల్లో ఓటింగ్ పెడితే ఒక్క రోజులో 2,800 మంది ఓటేశారు. 71 శాతం పార్కింగ్ సమస్య అన్నారు. మీ 400 మంది కన్నా ఇది ఏడింతలు కదా? (ప్రొద్దుటూరు, వ్యాపారి)

జవాబు: మీ గ్రూపుల్లో బండ్లున్నవాళ్ల ఇబ్బంది పార్కింగ్ అని తెలిసింది. పట్టణానిది తెలియలేదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని రాసింది. ఆయన 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు. కార్లు, టెలిఫోన్లు ఉన్నవాళ్ల చిరునామాల మీద ఎక్కువ ఆధారపడటం ఒక తప్పు. కోపం ఉన్నవాళ్లే కార్డు తిప్పి పంపడం రెండో తప్పు. అదే ఏడాది జార్జ్ గ్యాలప్ అనే సర్వేల నిపుణుడు అంతకన్నా ఎంతో తక్కువ మందిని అడిగి, గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. మీ 2,800 ఇరవై లక్షలైనా ఇదే మాట చెప్తాం.

ప్రశ్న: ఆడవాళ్లను అడగబోతే మొగుడో కొడుకో వచ్చి జవాబు చెప్తున్నారు. కొన్ని ఇళ్లలో ఆమె బయటికే రాదు. చివరికి మా సర్వేలో ఆడవాళ్లు 38 శాతమే వచ్చారు. (రాయచోటి, ఉపాధ్యాయురాలు)

జవాబు: ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. దీనికి మినహాయింపు పెట్టుకోవద్దు. ఇద్దరు జంటగా పోయి, ఒకరు ఆయన్ను గడప దగ్గర కూర్చోబెట్టి ఆయన ప్రశ్నలేవో ఆయన్ను అడుగుతుంటే, ఇంకొకరు వంటింటి వైపు పోవాలి. "అక్కా, ఇది నీ మాటే కావాల, అన్నయ్య మాట అన్నయ్యను అడుగుతున్నారు" అంటే చాలాచోట్ల సరిపోతుంది. ఆయన పక్కనే నిలబడితే ఫారం మీద "ఇంకొకరి ఎదుట" అనే గడిలో టిక్కు పెట్టండి. తర్వాత ఆ ఫారాలను విడిగా చూస్తే తేడా కళ్లకు కడుతుంది.

రాయచోటి, కడప, ఆదోని పట్టణాల్లో ముస్లిం ఇళ్లలో ప్రశ్నలు దక్కనీ ఉర్దూలో అడగాలి. హొళగుంద, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం కావాలి. తండాల్లో సుగాలీ మాట తెలిసిన అమ్మాయి ఉంటే మంచిది. ప్రశ్నను అక్కడికక్కడే నోటితో మార్చి చెప్పనివ్వకండి, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్తారు. ముందే రాయించి, ఆ భాష తెలిసిన ఇంకొకరితో మళ్లీ తెలుగులో చెప్పించి చూసుకోండి. తెలుగులోనైనా సరే, "ప్రాధాన్యత క్రమంలో తెలుపండి" అని కాక "మీ ఊరికి ముందుగా ఏం కావాల?" అని మన మాటల్లో ఉండాలి.

ఇక మీ 38 శాతం సంగతి. దీన్ని లెక్కలో సరిదిద్దొచ్చు. ఓటర్లలో ఆడవాళ్లు సగం అనుకుంటే, ఒక్కో ఆడమనిషి జవాబును 50/38, అంటే 1.32గా, మగవాళ్లది 50/62, అంటే 0.81గా లెక్కించాలి. ఎంత మార్పొస్తుందో ఊహా లెక్కతో చూడండి. నీళ్లు ముందన్నవాళ్లు ఆడవాళ్లలో 50 శాతం, మగవాళ్లలో 28. రోడ్డు ముందన్నవాళ్లు ఆడవాళ్లలో 28, మగవాళ్లలో 45. సరిదిద్దకముందు రోడ్డుకు 38.5, నీళ్లకు 36.4. సరిదిద్దాక నీళ్లకు 39, రోడ్డుకు 36.5. ఊరి మొదటి అవసరమే మారిపోయింది. అయితే దొరికిన ఆడవాళ్ల మాటకు బరువు పెంచగలం కానీ, దొరకనివాళ్ల మాటను పుట్టించలేం. మీకు దొరికిన 38 శాతం పగలు ఇంట్లో ఉన్నవాళ్లే అయితే కూలికి పోయిన ఆడవాళ్లు ఇంకా బయటే ఉన్నారు. సాయంత్రం మళ్లీ పోవాల్సిందే.

ప్రశ్న: ఏ పథకం గురించి అడిగినా 90 శాతం "బాగుంది" అంటున్నారు. అదే మనుషులు రచ్చకట్ట మీద తిడుతున్నారు. ఏది నిజం? (గుత్తి, పంచాయతీ వార్డు సభ్యుడు)

జవాబు: రెండూ నిజమే, విన్నవాళ్లు వేరు. చేతిలో ట్యాబు, మెడలో గుర్తింపు కార్డు, వెనక సచివాలయం ఉద్యోగి కనిపిస్తే అడిగినవాడు ప్రభుత్వం మనిషే అనుకుంటారు. బాగాలేదంటే పింఛను పోతుందేమోనని భయం. ఐవీఆర్ఎస్ (రికార్డు చేసిన గొంతుతో వచ్చే) ఫోన్లలోనూ ఇదే గొడవ: "సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి" అన్నప్పుడు నా నంబరు వాళ్ల దగ్గరుంది కదా అనుకుని ఒకటి నొక్కి పెట్టేస్తారు.

భయం తీసేసే పనులు ముందు చేయండి. ఊరి ఉద్యోగులను, నాయకుల మనుషులను వెంట తీసుకుపోవద్దు. రెండు వర్గాలున్న ఊళ్లో మొదట ఎవరింట్లో కాఫీ తాగారన్నది కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఎవరింట్లోనూ తాగొద్దు. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు అడగొద్దు. ఓటీపీ మోసాలు విన్న జనం ఆ మాటతోనే తలుపేస్తారు. పేరు ఫారం మీద రాయొద్దు, వరుస నంబరు చాలు. ఓటు లాంటి నాజూకు ప్రశ్నకు చిన్న చీటీ, తాళం వేసిన డబ్బా ఇవ్వండి. ఆయన టిక్కు పెట్టి, మడిచి వేస్తాడు, మీరు చూడనక్కర్లేదు.

అంతకన్నా మంచి ఉపాయం, అభిప్రాయం బదులు జరిగింది అడగడం. "తాగునీటి సరఫరా ఎలా ఉంది?" అంటే "బాగుంది". "పోయిన వారంలో ఎన్ని దినాలు కుళాయి వచ్చింది? వచ్చినప్పుడు ఎన్ని బిందెలు పట్టారు? నిన్న క్యాను కొన్నారా, ఎంతకు?" అంటే వారంలో రెండు దినాలు, ఎనిమిది బిందెలు, ఒక క్యాను అని వస్తుంది. ఇందులో ఎవరినీ పొగిడేదీ తిట్టేదీ లేదు, చెప్పడానికి భయం లేదు. "పోయిన వారం" అనే అడగండి. "సాధారణంగా" అంటే జనం సగటు కట్టరు, గుర్తున్న మంచి రోజో చెడ్డ రోజో చెప్తారు.

ప్రశ్న: కూలికి పెట్టుకున్న సర్వేయర్లు చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపేశారని అనుమానం. పట్టుకునేదెలా? (ఎమ్మిగనూరు)

జవాబు: మొదట మీ కూలి పద్ధతి చూసుకోండి. ఫారానికి ఇంత అని ఇస్తే చెట్టు కిందికి మీరే పంపినట్టు. రోజు కూలి ఇవ్వండి. ఇరవై నిమిషాల ప్రశ్నల పత్రమైతే నడక, తాళాలు, పలకరింపులు పోను మనిషికి రోజుకు ఎనిమిది, పది మించవు. 25 తెచ్చినవాడిని మెచ్చుకోకండి.

కోబో టూల్‌బాక్స్ లాంటి ఉచిత యాప్‌లు నెట్ లేకపోయినా పనిచేస్తాయి, తెలుగులో ప్రశ్నలు పెట్టుకోవచ్చు, మొదలైన సమయం, ముగిసిన సమయం, చోటు నమోదు చేసుకోవచ్చు. ఆరు నిమిషాల్లో అయిన ఫారాలు, వరుసగా పది ఒకే చోట నింపినవి, రాత్రి పదకొండుకు పంపినవి ముందు చూడండి. తర్వాత జవాబులు: నిజమైన జనం "తెలీదు" అంటారు, మధ్యలో మాట మారుస్తారు, జాబితాలో లేనిది చెప్తారు. దొంగ ఫారాల్లో "తెలీదు" ఉండదు, వయసులు 30, 35, 40, 45 అని ఐదుల్లో నడుస్తాయి. (ముసలివాళ్లు నిజంగానే గుండ్రని వయసులు చెప్తారు, దాన్నొక్కదాన్నే పట్టుకుని ఎవరినీ పంపేయకండి.) ప్రతి సర్వేయరు పనిలో పదోవంతు ఇళ్లకు వేరే మనిషి మళ్లీ పోయి మూడు ప్రశ్నలు అడగాలి: మా మనిషి వచ్చాడా, ఎంతసేపు కూర్చున్నాడు, ఇంట్లో ఎందరున్నారు. ఇది మొదటి రెండు రోజుల్లోనే జరగాలి. ఆఖర్లో పట్టుకుంటే పారేయడం తప్ప చేసేదేమీ ఉండదు.

ప్రశ్న: ఎన్నికలప్పుడు అవసరాల సర్వే ఫలితాలు వేయొచ్చా? (నంద్యాల)

జవాబు: పోలింగ్ ముగిసే గడియకు ముందు 48 గంటల్లో ఒపీనియన్ పోల్ ఫలితాలు టీవీల్లో, అలాంటి ప్రసార మాధ్యమాల్లో చూపకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ చెప్తుంది. ఎగ్జిట్ పోల్స్‌కు 126ఎ ప్రకారం ఎన్నికల సంఘం ప్రకటించిన కాలమంతా నిషేధం, పత్రికలకూ వర్తిస్తుంది. మీది నీళ్లు, రోడ్ల సర్వే అయినా అందులో "ఎవరికి ఓటేస్తారు" అన్న ప్రశ్న ఒక్కటున్నా ఈ లెక్కలోకే వస్తుందనుకుని ఉండండి. ఆ ప్రశ్న లేకపోతేనే జనం కూడా మనసు విప్పుతారు.

ప్రశ్న: సర్వే అయింది. గ్రామసభలో చెప్తే "గ్రామసభే ప్రజల మాట, మీ సర్వే ఎందుకు?" అన్నారు. (కడప జిల్లా, మహిళా సంఘం)

జవాబు: చట్టం ప్రకారం వాళ్లన్నది సరైనదే. 1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభకు ఇచ్చిన హోదా మీ సర్వేకు లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి పనులు ఎంచుకున్నారు. తీర్మానం, నిధులు ఆ దారిలోనే పోతాయి. కాబట్టి పోటీకి పోకుండా అందులోకి దూరండి. సభకు వచ్చింది ఎందరు, అందులో ఆడవాళ్లెందరు, మాట్లాడింది ఎందరు అని ఒకరు లెక్కపెట్టండి. ఇంటింటి సర్వేలో దొరికిన ఎస్సీ కాలనీ, తండా మాటలు ఆ సభలో వినిపించాయో లేదో చూసుకుని, వినిపించనివి మాత్రమే లేచి చెప్పండి.

చెప్పేటప్పుడు శాతాలు వద్దు. "కాలనీలో 12 మందిని అడిగితే 9 మంది ఇంటికి కుళాయి లేదన్నారు" అనండి. పన్నెండు మందికి 75 శాతమని చెప్తే కార్యదర్శి మొదట అడిగేది ఎందరిలో అనే. పెద్ద అక్షరాల్లో ఒకే చార్టు మీద రాసి, ఐదు వరుసలు మించకుండా గోడకు అంటించండి. దాని నకలు తీర్మానాల పుస్తకంతో పాటు జత చేయించి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. వచ్చే ఏడాది ప్రణాళిక రాసేటప్పుడు మళ్లీ తీసి చూపించాల్సింది ఆ కాగితాన్నే.